మేనల్లుడి ఉచ్చుకర్ర

ఆ ఏడు మార్చిలో, మంచు ఇంకా కరగక ముందే, కంబర్ మావయ్య ఫోన్ చేశాడు.

"అల్లుడూ, అరవైతొమ్మిదికి చక్రాల సిలిండర్లు నాలుగు, షాఫ్టు క్రాసులు నాలుగు కావాలి. ఉన్నాయా, అన్నీ పట్నం వాళ్ళకే అమ్మేసుకున్నావా?"

"ఆ బండి ఇంకా ఉందా మావయ్యా?"

"నేను లేనూ? అది నాకంటే పదహారేళ్ళు చిన్నది."

అరవైతొమ్మిది అంటే గాజ్-69 జీపు. సామూహిక వ్యవసాయం రోజుల్లో పశువుల డాక్టరు దాంట్లోనే కొండలెక్కేవాడు. ఆ సామూహిక క్షేత్రం మూతపడి ఆస్తులు పంచుకున్నప్పుడు అందరూ ఆవుల్నీ ట్రాక్టర్లనీ కోరుకుంటే మావయ్య ఈ జీపు కోరుకున్నాడు. పదేళ్ళు నడిపాడు. తర్వాత బ్రేకులు పోయాయి, గేర్ల పెట్టె మూలగడం మొదలుపెట్టింది. కొట్టం వెనక నిలబెట్టేస్తే కోళ్ళు అందులో గుడ్లు పెట్టుకునేవి.

ఇప్పుడు దాన్ని ఎందుకు లేపుతున్నాడో నేను అడగలేదు. నాకు తెలుసు. రెండేళ్ళ కిందట కుల్పాష్ అత్తయ్య పెరట్లో మంచు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. రెండు కర్రల మీద నడుస్తుంది కానీ ఇక గుర్రం ఎక్కలేదు. మా వైపు జూన్ వచ్చిందంటే గొర్రెలు ఉన్నవాళ్ళంతా జైలౌకి, పై కొండల మేతకి వెళ్ళిపోతారు. గూడారం వేసుకుని సెప్టెంబరు దాకా అక్కడే ఉంటారు. నిరుటి వేసవి మావయ్య ఒక్కడే వెళ్ళాడు. మూడు నెలల తర్వాత దిగివస్తే అత్తయ్య సగమై ఉంది. పక్కింటి ఒతర్‌బాయ్ తన లారీలో ఎక్కించుకుపోతానని అన్నాడట. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఎక్కిస్తావు సరే. పైన నడుము పట్టేస్తే దింపేదెవరు? నీ లారీ మర్నాడే దిగిపోతుందాయె. దింపే దారిలేని మూటలాగా నేను పైకి రాను."

కాబట్టి బండి వేసవంతా పైనే ఉండాలి. ఏరు దాటాలి, ఆ నిట్టనిలువు దిగుడులో ఆగాలి. అరవైతొమ్మిది నడిస్తే అత్తయ్య జైలౌకి వెళ్తుంది, నడవకపోతే లేదు. ఆ వసంతం మొత్తం విషయం ఇంతే.

నేను అల్మాటి నగరం శివారు బజారులో పాత రష్యా బళ్ళ విడిభాగాలు అమ్ముతాను. ఇనప కంటైనరే నా కొట్టు. ఏ వస్తువు ఎవరికి ఎంత అవసరమో మొహం చూసి చెప్పగలను. నా చదువంతా అదే. మావయ్యకి కావలసినవి నా దగ్గర లేవు. అయినా ఉన్నాయని చెప్పి నాలుగు ఊళ్ళు తిరిగి పోగుచేశాను. ఆ మాత్రం మంచితనం నాలో ఉందని ఇక్కడే చెప్పుకోవాలి. తర్వాత చెప్పుకోవడానికి చోటు ఉండదు.

ఏప్రిల్ నుంచి రెండు వారాలకోసారి శనివారాలు కెగెన్ దాటి మావయ్య ఊరు వెళ్ళేవాణ్ణి. పెరట్లో రైలుపట్టాల కింద వేసే పాత దుంగల మీద బండిని ఎత్తిపెట్టాడు. నాలుగు డ్రమ్ములూ ఊడదీస్తే లోపల సిలిండర్లన్నీ తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. బ్రేకు షూల పాత పట్టీలు ఒలిచేసి, కొత్తవి రాగి మేకులతో బిగించాం. మావయ్య ఒక్కొక్క మేకునీ చిన్న సుత్తితో ఎనిమిది దెబ్బలు కొట్టేవాడు. ఏడుకి ఆగడు, తొమ్మిదికి పోడు.

షాఫ్టు క్రాసులు, అంటే ఇంజను తిప్పుడుని చక్రాలకి చేర్చే కడ్డీ కీళ్ళ పని అత్తయ్యది. కీలు చివర ఉండే ఒక్కో చిన్న గిన్నెలో సూదుల్లాంటి ఇనప పుల్లలు వరసగా నిలబెట్టాలి. ఒక్కటి పడిపోయినా షాఫ్టు దడదడలాడుతుంది. మావయ్య వేళ్ళు లావు, నావి వణుకుతాయి. ఆవిడ బల్ల మీద గుడ్డ పరచుకుని, గిన్నె లోపల గ్రీజు రాసి, ఒక్కొక్క సూదినీ అతికించేది.

"పిండి కలిపిన చేతులు ఇవి. మీ ఇద్దరికీ ఎన్నాళ్ళు తిండి పెట్టినా ఒక్క పనీ రాలేదు," అనేది.

ఒతర్‌బాయ్ గోడ మీద నుంచి తల పెట్టి చూసేవాడు. పాతికేళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి. ఏ బండి దగ్గరా నోరు మూసుకుని నిలబడలేడు.

"ఏం సేఠూ, మావయ్యకి కూడా నకిలీ సరుకే అంటగట్టావా?"

"నీ ట్రాక్టరుకి ఇచ్చినదే ఇచ్చాను."

"అయితే కంబర్, వీలునామా రాసుకో!"

మావయ్య బండి కిందనుంచి నవ్వాడు. "రాయడానికి ఏముంది? ఉన్నది వీడే పట్టుకుపోతాడు. ఇంకొకటి మిగిలింది వీడికి."

ఆ మిగిలినదేమిటో చెప్పాలి. మా వాళ్ళలో మేనల్లుడికి మేనమామ ఇంటి మీద ఒక హక్కు ఉంది. జీవితంలో మూడుసార్లు ఆ ఇంట్లో నచ్చింది అడగొచ్చు. మామ కాదనకూడదు. కాదంటే తన అక్కచెల్లెల్ని కాదన్నట్టు. దీన్ని మేనల్లుడి ఉచ్చుకర్ర అంటారు. గుర్రాల మందలోకి వెళ్ళి, కావలసిన గుర్రం మెడకి ఉచ్చు తగిలించి లాక్కొచ్చే పొడుగాటి కర్ర ఉంటుందే, ఆ కర్ర. ఏడేళ్ళప్పుడు నేను నల్ల గుర్రప్పిల్లని అడిగాను. పెళ్ళప్పుడు వెండి పట్టీల జీను అడిగాను. రెండూ నవ్వుతూ ఇచ్చాడు. మూడోది ఇరవై ఏళ్ళుగా మా ఇంటి హాస్యం. నేను వెళ్ళినప్పుడల్లా అత్తయ్య "అల్లుడొచ్చాడు, టీ కెటిల్ దాచండి" అనేది.

మే నెల మధ్యలో నాతోపాటు గెన్నాదిని తీసుకెళ్ళాను. ఆ తప్పు నాది. బజారులో మా వరసలన్నిటికీ యజమాని ఆయన. పాత బళ్ళంటే పిచ్చి, నగరం బయట ఒక పెద్ద ఆవరణలో వాటిని వరసగా నిలబెట్టి చూసేవాళ్ళ దగ్గర టికెట్టు తీసుకుంటాడు. నా ఫోన్లో మావయ్య బండి ఫోటో చూసి, తలుపుల మీద పాత పశువైద్య ముద్ర ఇంకా చెరిగిపోలేదని తెలిసి, నన్ను వదల్లేదు.

మావయ్య ఆయనకి బండి అంతా చూపించాడు, మాంసం వండించాడు, దగ్గరుండి తినిపించాడు. భోజనమయ్యాక గెన్నాది అసలు మాట ఎత్తాడు.

"అమ్ముతారా పెద్దాయనా?"

"బండి అమ్మకానికి లేదు. ఇంకొంచెం టీ ఉంది."

"ఆలోచించండి. మీరు చెప్పిన ధరే."

"టీలో పాలు పోయమంటారా?"

తిరుగు దారిలో కెగెన్ దాటాక గెన్నాది నా వైపు తిరిగాడు.

"రిస్బెక్, జులైలో చివరి వరస కొట్టేస్తున్నాను. అక్కడ గోదాము కడతాను."

చివరి వరసలోనే నా కొట్టు ఉంది.

"గేటుకి ఎదురుగా మొదటి కంటైనరు ఖాళీ అవుతోంది. చాలామంది అడుగుతున్నారు." వేళ్ళు మడుస్తూ, "నాకు ఆ బండి కావాలి. నీకు ఆ కంటైనరు కావాలి. మీ మావయ్యకి కొండెక్కే బండి కావాలి. నా దగ్గర ఒక ఊజ్ జీపు ఉంది, దీనికంటే ఇరవై ఏళ్ళు కొత్తది. ఇంజను పని కొంచెం ఉంది. రెండు వారాల్లో చేయించి ఇస్తాను. ఇందులో ఎవరు నష్టపోయారో చెప్పు."

నేను లెక్క వేసుకున్నాను. ఎవరూ నష్టపోలేదు. మావయ్యకి కొత్త బండి, గెన్నాదికి పాత బండి, నాకు గేటు ఎదురుగా చోటు. ఈ లెక్కని తర్వాత వందసార్లు తిరగేసి చూశాను. కాగితం మీద ఇప్పటికీ సరిగ్గానే ఉంటుంది.

మార్పిడి అని చెబితే మావయ్య ఒప్పుకోడని నాకు తెలుసు. బేరం మాట వచ్చిందంటే "టీలో పాలు పోయనా" అంటాడు. ఆయన కాదనలేని మాట లోకంలో ఒక్కటే ఉంది. అది నా నోట్లోనే ఉంది. జైలౌకి బయలుదేరేది జూన్ పది. రెండు వారాలన్న మాట నేను నమ్మానా అంటే నమ్మలేదు. పాతికేళ్ళుగా ఇంజను పనులు చూస్తున్నవాణ్ణి. నమ్మినట్టు లెక్కలో వేసుకున్నాను.

జూన్ మొదటి శనివారం బ్రేకుల్లో గాలి తీయడం ఒక్కటే మిగిలింది. గొట్టాల్లో కొత్త నూనె నింపాక లోపల ఇరుక్కున్న గాలి బయటికి పోకపోతే పెడల్ దూదిలా దిగిపోతుంది. ఒకళ్ళు పెడల్ తొక్కాలి, ఒకళ్ళు చక్రం దగ్గర పడుకుని మర తిప్పాలి. మావయ్య సీసా పట్టుకుని నూనె పోస్తున్నాడు. ఆముదం కలిపిన ఎర్రటి పాతరకం నూనె, దానికోసం నేను తల్గర్ దాకా వెళ్ళాను. నేను కింద పడుకున్నాను.

"తొక్కేదెవరు?" అన్నాను.

"ఇంకెవరు," అంది అత్తయ్య.

కర్రలు మడ్‌గార్డుకి ఆనించి, మావయ్య భుజం పట్టుకుని ఎక్కింది. ఆ సీటుకి ఉన్ని దట్టించిన మెత్త ఒకటి కుట్టింది, తుంటి కింద ఎత్తుగా వచ్చేలాగా, అంచుకి ఎర్ర గుడ్డ వేసి. విరిగింది కుడివైపు. ఎడమ కాలితో తొక్కింది.

"తొక్కు అత్తయ్యా."

"తొక్కా."

"పట్టుకో."

"పట్టుకున్నా. మీ మావయ్యని కూడా ఇలాగే పట్టుకున్నా నలభై ఏళ్ళు."

నేను మర వదులు చేశాను. నూనెతో పాటు బుడగలు బుసబుసమని నా పక్కన పెట్టుకున్న ఇంకో సీసాలోకి వచ్చాయి. ఆవిడ కాలు నెమ్మదిగా కిందికి పోయింది.

"దిగిపోతోంది అల్లుడూ! దిగిపోతోంది!"

"దిగనీ. ఇప్పుడు వదులు. మళ్ళీ తొక్కు."

నాలుగు చక్రాలకీ అలాగే. ఒక్కో చక్రానికి పది పన్నెండుసార్లు. మధ్యలో ఆగి ఆయాసపడింది కానీ దిగలేదు. చివరి చక్రం దగ్గర బుడగలు ఆగిపోయి, స్వచ్ఛమైన ఎర్ర నూనె సన్నగా వచ్చింది. ఆవిడ పెడల్ తొక్కింది. అది రాయిలా నిలబడిపోయింది.

"కదలట్లేదు," అంది.

"కదలకూడదు. అదే బ్రేకు," అన్నాడు మావయ్య.

అత్తయ్య ఇంకోసారి తొక్కి చూసింది. ఇంకోసారి తొక్కింది. నేను కిందనుంచి ఆవిడ చెప్పుని చూస్తున్నాను. అప్పటికి గెన్నాదికి మాట ఇచ్చి మూడు వారాలయింది.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో బల్ల వేశారు. బండి లేచిందంటే పక్కింటివాళ్ళకి తిండి పెట్టాలి. ఒతర్‌బాయ్ పెళ్ళాంతో వచ్చాడు, ఇంకో మూడిళ్ళవాళ్ళు వచ్చారు. మావయ్య అందరూ చూస్తుండగా బండిని వీధి చివర దిగుడులో నాలుగుసార్లు ఆపి చూపించాడు. అత్తయ్య శుభానికని బండి మీద చాక్లెట్లూ బౌర్సాకులూ చల్లింది. కిందపడిన వేయించిన పిండి ముద్దల కోసం కోళ్ళు పరుగెత్తాయి. అవి ఇన్నాళ్ళూ కాపురమున్నది ఆ బండిలోనే కదా అని అందరూ నవ్వారు.

ఒతర్‌బాయ్ నా వీపు మీద కొట్టాడు. "సేఠు రెండు నెలలు ఊరికే పనిచేశాడు. సూర్యుడు పడమట పొడిచాడు. కూలి అడగవయ్యా!"

నేను అడగడానికి సందు వెతుక్కుంటున్నాను. ఆయనే తెరిచాడు.

"మావయ్యా, నాకు ఇంకొకటి మిగిలి ఉంది కదా," అన్నాను.

"కెటిల్ దాచండి!" అంది అత్తయ్య. అందరూ నవ్వారు.

"అడుగు," అన్నాడు మావయ్య. "గొర్రా, గుర్రమా?"

"ఈ బండి."

నవ్వు ఇంకొంచెంసేపు సాగింది. ఇదీ హాస్యమే అనుకున్నారు. తర్వాత ఒక్కొక్కళ్ళూ ఆపారు. ఒతర్‌బాయ్ అందరికంటే చివర ఆపాడు.

మావయ్య చేతిలో నూనె గుడ్డ ఉంది. దాంతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. నేను గబగబా ఏదో చెప్పాను. వేరే బండి వస్తుందనీ, మంచిదనీ, జూన్ పదికల్లా అందుతుందనీ. ఆయన విన్నాడో లేదో తెలియదు.

"ట్యాంకు సగమే ఉంది," అన్నాడు చివరికి. "కెగెన్‌లో పోయించుకో. మూడో గేరు వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగు, తొందర పెడితే గీరుతుంది."

అంతే. తాళం లేదు ఆ బండికి, మీట తిప్పితే చాలు. నేను లేచి వెళ్ళి సీటు మీది మెత్త తీసి అత్తయ్యకి ఇవ్వబోయాను. ఆవిడ చేయి చాపలేదు.

"అది బండికి కుట్టాను. బండితోనే పోనీ," అంది. తర్వాత, "దిగుళ్ళలో రెండో గేరులో ఉంచు నాయనా. కొత్త బ్రేకులు కదా అని నమ్ముకోకు," అంది.

దారి పొడుగునా బ్రేకులు అద్భుతంగా పట్టాయి. కాలు ఆనిస్తే చాలు, బండి ఒక్క పక్కకీ లాగకుండా నిలబడిపోయింది. షాఫ్టులో చిన్న శబ్దం కూడా లేదు. చారిన్ లోయ దగ్గర పక్కకి తీసి ఆపాను. ఇంకా పగలే. వెనక్కి తిప్పితే టీ వేళకి పెరట్లో ఉంటాను. హాస్యానికి అన్నానని చెబితే ఒతర్‌బాయ్ నెలరోజులు తిడతాడు, అంతకంటే ఏమీ కాదు. బానెట్ ఎత్తి నీళ్ళు చూశాను. సరిపడా ఉన్నాయి. మూసి, అల్మాటి వైపే వెళ్ళాను.

కంటైనరు నాకు వచ్చింది. అబద్ధమెందుకు, వ్యాపారం బాగుంది. గేటులోంచి లోపలికి వచ్చేవాడు ముందు నన్నే చూస్తాడు.

ఊజ్ మాత్రం జూన్ పదికి రాలేదు. ముందు ఇంజను అన్నారు, తర్వాత క్లచ్ అన్నారు, తర్వాత మెకానిక్కి పెళ్ళి అన్నారు. జూన్ పద్నాలుగున ఒతర్‌బాయ్ ఫోన్ చేశాడు. సేఠూ అనలేదు.

"రిస్బెక్, నీకు తెలియాలని చెబుతున్నా. మీ మావయ్య గొర్రెల్ని వేరేవాళ్ళతో పైకి పంపించేశాడు. వాటాకి ఇచ్చాడు. గూడారం కొయ్యలు కొట్టంలోనే ఉన్నాయి."

"మావయ్య కూడా వెళ్ళలేదా?"

"ఆవిణ్ణి వదిలి మళ్ళీ వెళ్తాడనుకున్నావా?"

నేను ఊజ్ సంగతి చెప్పబోయాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆగస్టు ఇరవైన ఊజ్ చేతికొచ్చింది. నేనే నడుపుకుంటూ వెళ్ళాను. బండి బాగానే ఉంది, నీలం రంగు కొత్తగా వేయించాను, వెనక సీటు తీసి అత్తయ్య కాలు చాపుకునేలా బల్ల బిగించాను. దారంతా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను.

మావయ్య గడ్డి కోతకి వెళ్ళాడు. అత్తయ్య గుమ్మం పక్కన కూచుని ఉన్ని దువ్వుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో అత్తయ్యా. బండి తెచ్చాను. పద, ఇప్పుడే పైకి తీసుకెళ్తాను. ఇంకా పది రోజులుంది కదా, చూసి వద్దువుగాని."

ఆవిడ బండి వైపు చూసింది. "రంగు బాగుంది," అంది.

"పద మరి."

"ఎక్కడికి?"

"జైలౌకి."

"అక్కడ ఎవరి గూడారంలో దిగను?"

కోపంగా అనలేదు. దారి అడిగినట్టుగా అడిగింది. ఆవిడ కొంతసేపు ఉన్ని దువ్వి, "టీ పెడతాను ఉండు," అని కర్రలు తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. నేను ఊజ్ తాళం కిటికీ గట్టు మీద పెట్టి, చప్పుడు చేయకుండా గేటు దాటి, రోడ్డు మీదికి వచ్చేశాను. మధ్యాహ్నం అల్మాటికి ఒక చిన్న బస్సు ఉంది. బండి అక్కడ ఉండిపోతే వాళ్ళే వాడుకుంటారని లెక్క వేశాను. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు.

బస్సు వచ్చింది. ఎక్కడానికి మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనక డెక్కల చప్పుడు వినిపించింది. మావయ్య కోత చేనినుంచి ఇంటికొచ్చి అలాగే బయలుదేరినట్టున్నాడు, చొక్కా నిండా గడ్డి. గుర్రం చెమటలు కక్కుతోంది. ఆయన దిగలేదు. జీను మీదనుంచే కిందికి వంగి అరచేయి చాపాడు. అందులో తాళం ఉంది.

నేను కదలకపోతే ఇంకొంచెం వంగాడు. ఆయన మొహంలో కోపం ఉంటే బాగుండేది. పొరుగూరి నుంచి వచ్చిన పెద్దమనిషిని సాగనంపేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

"మీరు తాళం మరిచిపోయారు," అన్నాడు.

నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో నన్ను ఎవరూ మీరు అనలేదు. నేను తాళం తీసుకున్నాను. ఆయన తల వంచి గౌరవంగా సెలవు తీసుకుని, గుర్రాన్ని తిప్పాడు.

"ఏం అన్నా," అని అరిచాడు బస్సు డ్రైవరు, ఎన్నడూ చూడని కుర్రవాడు, "వస్తున్నావా, లేదా?"